లోపమున్న పద్ధతికి ప్రమాణ ముద్ర వేయవచ్చా?

ప్రశ్న: యూనిక్స్ తరహా ఆపరేటింగ్ సిస్టమ్‌లలో ప్రాసెస్‌ను (నడుస్తున్న ప్రోగ్రామ్‌ను) పుట్టించే ఫోర్క్, దానికి సిగ్నల్ (ఆగిపొమ్మనడం వంటి చిన్న సందేశం) పంపే కిల్, దాన్ని గుర్తించే పీఐడీ సంఖ్య, మూడింటిలోనూ లోపాలున్నాయని నిపుణులే అంగీకరిస్తున్నారు. అయినా ఈ సిస్టమ్‌లకు ఉమ్మడి నియమాలు చెప్పే పాజిక్స్ ప్రమాణం వాటిని అలాగే ఉంచింది. లోపమని తెలిసీ ప్రమాణంలో చేర్చడం సమంజసమేనా?

జవాబు: వేలాది ప్రోగ్రామ్‌లు అప్పటికే ఆధారపడి ఉన్న పద్ధతిని చేర్చక తప్పదు, కానీ దాని లోపాన్ని అక్కడే స్పష్టంగా రాయాలన్నది నా అభిప్రాయం. 1988లో పాజిక్స్ తొలి ప్రమాణం వెలువడేనాటికి యూనిక్స్‌లోని సిస్టమ్ ఫైవ్, బీఎస్‌డీ శాఖలు వేర్వేరు దారుల్లో నడుస్తున్నాయి. ఒకదాని కోసం రాసిన ప్రోగ్రామ్ రెండోదానిపై అదే తీరున పనిచేస్తుందన్న భరోసా లేదు.

సిగ్నళ్ళ సంగతే చూడండి. పాత యూనిక్స్‌లో సిగ్నల్ ఒకసారి అందగానే మనం దానికి కేటాయించిన ఫంక్షన్ రద్దయ్యేది. దాన్ని మళ్ళీ నమోదు చేసేలోపు రెండో సిగ్నల్ వస్తే ప్రోగ్రామే ఆగిపోవచ్చు. పాజిక్స్ సిగ్‌యాక్షన్ అనే కొత్త పిలుపుతో ఈ సందు మూసింది. 1989 నాటి సీ భాషా ప్రమాణం మాత్రం రెండు ప్రవర్తనలనూ అనుమతించింది కాబట్టి, ఆ భాషలో ఈ నమోదు చేసే ‘సిగ్నల్’ అనే ఫంక్షన్‌ను నమ్ముకుని అన్ని సిస్టమ్‌లకూ పనికొచ్చే ప్రోగ్రామ్ రాయడం నేటికీ ప్రమాదమే. లోపాన్ని తేల్చకుండా వదిలేసిన ప్రమాణం లోపమున్న ప్రమాణం కంటే ఎక్కువ ఇబ్బంది పెడుతుందని నేను గట్టిగా నమ్ముతాను.

ఫోర్క్ కథ వేరు. అది పుట్టిననాటికి యూనిక్స్‌లో థ్రెడ్‌లు (ఒకే ప్రాసెస్‌లో పక్కపక్కనే నడిచే పనులు) లేవు. ఇప్పుడు పలు థ్రెడ్‌లున్న ప్రాసెస్ ఫోర్క్ చేస్తే, దాని నకలుగా పుట్టే పిల్ల ప్రాసెస్‌లోకి ఆ పిలుపునిచ్చిన థ్రెడ్ ఒక్కటే వస్తుంది. మరో థ్రెడ్ ఆ క్షణంలో మెమరీ కేటాయింపు లాక్‌ను (ఒకసారికి ఒక థ్రెడ్‌నే అనుమతించే తాళాన్ని) పట్టుకుని ఉంటే, పిల్లలో దాన్ని విడిపించేవారే ఉండరు. అందుకే ఎగ్జెక్‌ను (ప్రాసెస్‌లోకి కొత్త ప్రోగ్రామ్‌ను ఎక్కించే పిలుపును) పిలిచేదాకా ఏయే ఫంక్షన్లు వాడవచ్చో ప్రమాణం పరిమితం చేసింది, పాజిక్స్ స్పాన్ అనే ప్రత్యామ్నాయాన్నీ చేర్చింది. ప్రమాణంలోకి వెళ్ళింది శాశ్వతమనీ అనుకోనక్కరలేదు: ఫోర్క్‌కు మరో రూపమైన వీఫోర్క్‌ను 2008 కూర్పులో తీసేశారు.

పీఐడీ లోపమే నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది. ఒక స్క్రిప్ట్ ఫైలులోంచి 4312 అన్న సంఖ్యను చదివి, ఆ ప్రాసెస్‌ను ఆపబోతుంది. ఈలోగా అది తనంతట ముగిసి, అదే సంఖ్య సంబంధం లేని మరో ప్రాసెస్‌కు దక్కితే, అనుమతి ఉన్నంతవరకు కిల్ దాన్నే ఆపేస్తుంది, ఏ పొరపాటూ చూపదు. దీనికి విరుగుడుగా ఫ్రీబీఎస్‌డీ 2012లో, లినక్స్ 2019లో సంఖ్యకు బదులు ఫైల్ డిస్క్రిప్టర్‌తో (ఆ ఒక్క ప్రాసెస్‌నే సూచించే పిడి వంటిదానితో) ప్రాసెస్‌ను పట్టుకునే పద్ధతులు తెచ్చాయి. అయితే ఫ్రీబీఎస్‌డీలో ఆ డిస్క్రిప్టర్‌ను మూస్తే, ప్రత్యేకంగా వద్దని చెప్పకపోతే, ప్రాసెస్ కూడా ముగుస్తుంది, లినక్స్‌లో ముగియదు. ఇంతటి తేడా తేలకముందే ప్రమాణం చేస్తే సిగ్నల్ ఫంక్షన్‌కు పట్టిన గతే పడుతుంది. అది తేలేవరకు ప్రాసెస్‌ను ఆపే పనిని దాని తల్లి ప్రాసెస్‌కే అప్పగించండి; పిల్ల ముగిసినా, తల్లి వెయిట్ పిలిచి ఆ సమాచారం తీసుకునేదాకా కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగం) ఆ సంఖ్యను మరొకరికి ఇవ్వదు.