డాక్యుమెంటరీ చూసి ఊరు కొర్రలు వేస్తుందా?

చిరుధాన్యాల మీద డాక్యుమెంటరీ తీసి ఊళ్లలో చూపిస్తే సాగూ తిండీ మారతాయా అని అడిగారు. నేను తీసినవాణ్ణి కాదు, చూపించినవాణ్ణి. ఆ అనుభవంతో చెబుతున్నాను.

కొన్నేళ్ల క్రితం మహబూబ్‌నగర్ వైపు ఒక ఊళ్లో బడి గోడకు తెల్ల దుప్పటి కట్టి, కొర్రల సాగు మీద అరగంట చిత్రం వేశాం. జనం బాగానే వచ్చారు. అయిపోగానే ఒక ముసలమ్మ లేచి, "బాగుంది బిడ్డా, విత్తనం తెచ్చావా?" అంది. మా దగ్గర ప్రొజెక్టరు తప్ప ఏమీ లేదు. పక్కనున్నామె ఇంకో మాట అడిగింది: "పండిస్తాం సరే, దంచేదెవరు?"

ఆ ప్రశ్న మేం చూపించిన చిత్రంలో ఎక్కడా లేదు. జొన్నలైతే నేరుగా పిండి పట్టించుకోవచ్చు. కొర్రలు, సామలు పొట్టు తీయనిదే వండుకోలేం. ఆ దంచే చాకిరీ ఆడవాళ్లదే. రేషన్ బియ్యం వచ్చాక రోలు మూలన పెట్టారంటే వాళ్లను తప్పుపట్టగలమా? చిత్రం తీసింది మగవాళ్లు. వాళ్లకు పొలం కనిపించింది, రోలు కనిపించలేదు.

అందుకే కెమెరా ఎవరి చేతిలో ఉందో చూడాలంటాను. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ మహిళా సంఘాల్లోని దళిత మహిళలు తామే వీడియో తీయడం నేర్చుకున్నారు. భూస్వామిలా పైనుంచి కిందికి చూసేది వాళ్లకు 'పటేల్ షాట్', కళ్లకు కళ్లు సమానంగా ఉండేది 'సంఘం షాట్'. ఇంతకన్నా మంచి సినిమా పాఠం నేను వినలేదు. 2002లో జన్యుమార్పిడి చేసిన బీటీ పత్తికి అనుమతి వచ్చాక వాళ్లు వరంగల్ జిల్లా పొలాల్లో తిరిగి రైతుల గోడు చిత్రీకరించారు. 2005లో మూడు బీటీ రకాలకు అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అనుమతి ఆగింది. అది చిత్రం వల్లే అనను. రైతుల నష్టాలు, ఆందోళనలు కూడా ఉన్నాయి. పైగా ఇవాళ ఏ పత్తి చేను చూసినా బీటీయే. కానీ అదే సంఘాల వాళ్లు ఏటా పాత పంటల జాతరలో ఎడ్లబండ్ల మీద విత్తనాలు పెట్టుకుని ఊరూరా తిరుగుతారు. మేం వట్టి చేతులతో వెళ్లాం.

మరుసటి ఏడాది కొర్ర విత్తనం మూటలు కట్టుకుని, పొట్టు తీసే మిల్లు ఎంత దూరమో కనుక్కుని వెళ్లాం. పదకొండు మంది తీసుకున్నారు, నలుగురు విత్తారు. ముసలమ్మ ఆ నలుగురిలో ఉంది.

మీరు తీసేటట్లయితే నిడివి ఇరవై నిమిషాలు చాలు, మాటలకు గంట మిగల్చండి. ప్రదర్శన మే నెలలో పెట్టుకోండి. మేం మొదటిసారి వెళ్లింది నవంబరులో. అప్పుడు విత్తనం తీసుకెళ్లినా వానాకాలం దాకా గింజ పాడవకుండా దాచుకోవాల్సింది వాళ్లే.