రంగు వేసిన రోజుకి బిల్లేదీ?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. మాది మదనపల్లె, ఉండేది బెంగళూరు మారతహళ్లిలో. ఆరేళ్లు సెలూన్‌లో పనిచేసి, రెండేళ్లుగా సొంతంగా హెయిర్ స్టైలిస్ట్‌గా ఫొటోషూట్లు, పెళ్లిళ్లు చేస్తున్నాను. ఏడాదికి 9 లక్షల దాకా బిల్లు చేస్తాను. అయినా క్రెడిట్ కార్డు బాకీ 1.40 లక్షల దగ్గర కదలకుండా కూర్చుంది. 2 లక్షల చీటీ ఒకటి నెలకు 10 వేల చొప్పున కడుతున్నాను, 20 నెలల్లో 7 అయ్యాయి. సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో కొంత పెట్టడం) మొదలుపెట్టమని ఒకరు, లోన్ తీసుకుని సెలూన్ పెట్టమని ఒకరు అంటున్నారు. ఈలోగా ముగ్గురు మోడళ్లకి జుట్టు రంగు మార్చే షూట్ 60 వేలకి అడిగారు. ఒప్పుకోనా? పోయినసారి ఇలాంటిదే ఇద్దరికి 40 వేలకి చేశాను. ఆ లెక్కలు పంపుతున్నాను. పేరు వేయకండి.

జవాబు: సిప్ సంగతి తర్వాత. ముందు మీరు పంపిన ఆ 40 వేల లెక్కే చూద్దాం, జవాబంతా అందులోనే ఉంది.

నా తలమీద రంగు వేయించుకునేంత జుట్టు లేదు. అందుకే ఈ పని తెలిసినావిడ దగ్గర గంటసేపు కూర్చుని చెప్పించుకున్నాను. మన నల్ల జుట్టు ఒక్క దెబ్బకి బూడిదరంగుకో తేనెరంగుకో రాదట. బ్లీచ్ పౌడర్‌లో డెవలపర్ కలిపి పూస్తే ముందు ఎరుపు తేలుతుంది, తర్వాత నారింజ, ఆ తర్వాతే పసుపు. ఆ పసుపు మీద టోనర్ వేస్తేనే అడిగిన రంగు. డెవలపర్ 20 వాల్యూమ్ అంటే 6 శాతం పెరాక్సైడ్, 30 అంటే 9, 40 అంటే 12. తొందరపడి 40 కొడితే వెంట్రుక చేతికి ఊడొస్తుంది, కాబట్టి తక్కువ దానితో, ఓపిగ్గా, రేకులు మడతపెట్టుకుంటూ రోజంతా చేయాలి. ఇదంతా మీకు తెలిసిందే. మీకు రాయడం ఎందుకంటే, మీ బిల్లులో ఆ రోజు లేదు!

బిల్లులో ఉన్నది ఒకే వరస: 'షూట్ హెయిర్, ఇద్దరు మోడళ్లు, 40,000.' మీ డైరీలో మాత్రం నాలుగు తేదీలున్నాయి. ప్యాచ్ టెస్ట్‌కి (రంగు చర్మానికి పడుతుందో లేదో చూసే పరీక్ష), ఒక పాయ మీద రంగు ఎలా వస్తుందో చూడ్డానికి అరపూట. రంగు వేయడానికి ఒక రోజు. షూట్ ఒక రోజు. తర్వాత ఒక మోడల్‌కి ఇంకో యాడ్ ఉందని మళ్లీ నల్లగా మార్చిన అరపూట. మొత్తం 3 రోజులు. సరుకు 11,200, మళ్లీ నలుపుకి 2,300, అసిస్టెంట్‌కి 3,000, క్యాబులకి 2,400. డబ్బు చేతికొచ్చింది 74 రోజులకి. ఆ సరుకు కార్డు మీద కొన్నారు కనుక, నెలకు 3.6 శాతం వడ్డీ, దానిమీద జీఎస్టీ కలిపి రెండు నెలలకి సుమారు 1,150. అన్నీ తీసేస్తే మిగిలింది 19,950. రోజుకి 6,650.

ఉత్త స్టైలింగ్‌కి వెళ్లిన రోజు మీరు తీసుకునేది 8,000. అప్పుడు సరుకూ లేదు, ఊపిరితిత్తుల్లోకి బ్లీచ్ పొడీ లేదు. అంటే కష్టమైన పనికి మీరే డిస్కౌంట్ ఇస్తున్నారు. కార్డు బాకీ కదలకపోవడానికి మీ దుబారా కారణం కాదు. స్టేట్‌మెంట్లు చూశాను, అందులో సగానికి పైగా సరుకే. కంపెనీలు రెండున్నర నెలలు మీ డబ్బు వాడుకుంటున్నాయి, దానికి వడ్డీ మీరు కడుతున్నారు.

ఆ వడ్డీ ఎంతో తెలుసా? 1.40 లక్షల మీద నెలకి పన్నుతో కలిపి దాదాపు 5,950. మీరు కట్టే మినిమమ్ 7,000. అసలులోకి పోయేది వెయ్యి చిల్లర. ఏడాదికి 43 శాతం దాటే వడ్డీ నెత్తిన పెట్టుకుని ఏ సిప్ చేసినా చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే.

మరి చీటీ? అమ్మ మాట విని మొదలుపెట్టిన ఆ చీటీయే ఇప్పుడు పనికొస్తుంది. వచ్చే పాటలో పాడండి. 30 వేలు తగ్గించుకుని పాడినా 1.70 లక్షలు చేతికొస్తాయి. అదే రోజు కార్డు మొత్తం కట్టేయండి, మిగిలిన 30 వేలు సరుకు కోసం వేరే ఖాతాలో పెట్టండి. 30 వేలు పోయాయని బాధగా ఉంటుంది కానీ, కార్డు ఆ మొత్తాన్ని అయిదు నెలల్లో తినేస్తోంది. రిజిస్టరైన చీటీ అని రాశారు కాబట్టే ఈ సలహా. జామీను అడుగుతారు, జీతం వచ్చేవాళ్లని ఇద్దరిని ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి. పాడాక మిగిలిన 13 వాయిదాలు ఒక్కటీ తప్పకూడదు.

బాకీలు ఆలస్యంగా రావడానికి ఒక మందు ఉంది, పైసా ఖర్చు లేనిది. చిన్న సంస్థల నమోదుకి కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఉద్యమ్ పోర్టల్‌లో ఆధార్, పాన్‌లతో రిజిస్టర్ చేసుకోండి. (డబ్బడిగే సైట్ అయితే అది ప్రభుత్వానిది కాదు, బయటికి వచ్చేయండి.) 2006 ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం మీలాంటి సూక్ష్మ సంస్థకి రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉన్నా గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. దాటితే బ్యాంకు రేటుకి మూడు రెట్లు చక్రవడ్డీ. 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి ఇంకో మెలిక కూడా ఉంది: గడువులోగా కట్టకపోతే, కట్టేదాకా ఆ ఖర్చుని కంపెనీ తన పన్ను లెక్కలో చూపుకోలేదు. మీరు కేసు వేస్తారని నేను అనుకోను, పని ఇచ్చేవాళ్లతో తగవు ఎవరికి కావాలి? బిల్లు మీద ఉద్యమ్ నంబరు కనబడితే చాలు, అకౌంట్స్‌లో కూర్చున్నాయనకి మార్చి దగ్గరపడేకొద్దీ మీ పేరు దానంతటదే గుర్తొస్తుంది. పని మొదలుపెట్టే ముందే రిజిస్ట్రేషన్ అయ్యుండాలి, అదొక్కటి మరవకండి.

ఇక మీరు అడగనిది. రెండేళ్లుగా ఆదాయపు పన్ను రిటర్న్ వేయలేదు. ఏఐఎస్‌లో (పన్ను శాఖ సైట్‌లో మీ పేరు మీద ఉండే ఏడాది వివరాల పట్టిక) టీడీఎస్, అంటే కంపెనీలు మీ బిల్లులో ముందే కోసి కట్టిన పన్ను, నిరుడు 38 వేలు, ముందటేడు 31 వేలు కనిపిస్తోంది. ఖర్చులు పోను మీ ఆదాయం 6 లక్షల లోపే కాబట్టి కొత్త పన్ను విధానంలో పన్ను పడదు, ఆ కోత అంతా మీదే. నిరుటిది డిసెంబరు 31 లోగా ఆలస్య రుసుముతో వేసి తెచ్చుకోవచ్చు. ముందటేడుది మామూలు దారిలో రాదు, గడువులన్నీ దాటాక వేసే అప్‌డేటెడ్ రిటర్న్‌తో రిఫండ్ అడగడానికి వీల్లేదు. ఏ పద్ధతిలో ఆదాయం చూపాలో ఆడిటర్‌తో కూర్చుని తేల్చుకోండి. మీకు కొందరు 10 శాతం కోశారు, కొందరు 1 శాతం, రెండూ ఒకే పనికి. పన్ను ఎలాగూ లేదు కదా అని ఆదాయం మరీ తగ్గించి చూపొద్దు, రేపు ఇంటి లోన్‌కి వెళ్తే బ్యాంకు చూసేది ఆ కాగితమే. 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు.

సెలూన్ వద్దు. బెంగళూరులో షాపుకి పది నెలల అద్దె అడ్వాన్స్ అడగడం మామూలే, అది మీ ఏడాది మిగులు కన్నా ఎక్కువ. మంగళవారం ఎన్నో సెలూన్లకి సెలవు. తెలిసిన చోట ఆ ఒక్కరోజుకి కుర్చీ, వాష్ బేసిన్ అద్దెకి మాట్లాడుకుని రంగు పనులన్నీ అప్పుడే పెట్టుకోండి.

చేతుల గురించి ఒక్కమాట. గ్లవ్స్ బిల్లు ఎక్కువైందని రాశారు. అక్కడ మాత్రం పొదుపు వద్దు. నల్లరంగుల్లో ఉండే పీపీడీ అనే రసాయనం, బ్లీచ్‌లో ఉండే పర్‌సల్ఫేట్లు ఈ వృత్తివాళ్లకి చేతుల మీద ఎగ్జిమా తెస్తాయి, కొందరికి ఉబ్బసం కూడా. ఒకసారి అలర్జీ పట్టుకుంటే జన్మంతా వదలకపోవచ్చు. ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా తీసుకోండి, కానీ అది ప్రమాదానికే, అలర్జీకి రాదు. సొంతంగా హెల్త్ పాలసీ ఒకటి కార్డు తీరిన నెలలోనే తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ లేదు. కార్డుకి పోయే 7,000లో అది కట్టగా మిగిలింది మూడు నెలల ఇంటిఖర్చు పోగయ్యేదాకా బ్యాంకులోనే ఉంచండి. అప్పుడు సిప్ అడగండి, చెప్తాను.

ఇప్పుడు 60 వేల పని. రంగు రోజుకి తప్ప అన్నీ మీ రేట్లతోనే వేశాను. తలకి 5,600 చొప్పున ముగ్గురికి సరుకు 16,800, ఒకరికి మళ్లీ నలుపు 2,300. ప్యాచ్ టెస్ట్ అరపూట 4,000. అది 48 గంటల ముందు చేయాలి కనుక వేరే రోజే అవుతుంది. రంగు రోజులు రెండు, కష్టమైన పని కనుక ఒక్కోటి 10,000. షూట్ 8,000. నలుపు అరపూట 4,000. అసిస్టెంట్ 4,500, క్యాబులు 3,500. మొత్తం 63,100. కొటేషన్‌లో ఇవన్నీ విడివిడి వరసలుగా రాయండి, సరుకు డబ్బు 19,100 ప్యాచ్ టెస్ట్‌కి ముందే అడగండి. వాళ్లు 60 దగ్గరే మొండికేస్తే రేటు తగ్గించకండి, మళ్లీ నలుపు వేసే వరస కొట్టేయండి. అప్పుడు మీ లెక్క 56,800, కాబట్టి 60కి ఒప్పుకోవచ్చు. ఆ నలుపు ఎవరు వేయించాలో మోడల్, ఏజెన్సీ తేల్చుకుంటారు.