డ్రాఫ్టు ఏడాదిలో ఉన్న మా మేనల్లుడికి

అల్లుడూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు టాలెంట్ లీగ్, అదే కుర్రాళ్ల ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్ జట్టులో కుదురుకున్నావని, ఎవరో ఏజెంటు ఇంటికొచ్చి మాట్లాడతానన్నాడని సంబరంగా చెప్పింది. చివర్లో గొంతు తగ్గించి, "అన్నయ్యా, వీడు చదువు గాలికొదిలేస్తాడేమోనని టెన్షన్‌గా ఉంది, నువ్వొక మాట చెప్పు" అంది. ఫోన్లో చెబితే "సరే మావయ్యా" అని పెట్టేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఆదివారం తెలుగు క్లాసులో నేర్చుకున్నది నీకు సరిపోతుంది. ఎక్కడైనా అర్థం కాకపోతే అమ్మనడుగు. ఆమె కూడా తెలుసుకోవాల్సిన సంగతులే ఇవన్నీ.

ఈ ఆటలో అన్నిటికంటే పెద్ద లీగ్ ఏఎఫ్ఎల్, నేను అది ఆడినవాణ్ణి కాదు. మెల్‌బోర్న్ పడమటి శివార్లలో ఒక చిన్న క్లబ్బుకు ఇరవై రెండేళ్లుగా ట్రైనర్‌ని. చీలమండలకు టేపు చుట్టడం, నీళ్లందించడం, దెబ్బ తగిలినవాడి దగ్గరికి అందరికంటే ముందు పరిగెత్తడం నా పని. మా దగ్గర్నుంచి కొందరు పిల్లలు పైకెళ్లారు. వాళ్లలో ఎక్కువమంది రెండు మూడేళ్లకే తిరిగొచ్చారు. వెళ్లేటప్పుడు వాళ్ల మొహాలు చూశాను, వచ్చేటప్పుడూ చూశాను.

ముందు డ్రాఫ్టు సంగతి, అంటే ఏఎఫ్ఎల్ క్లబ్బులు కొత్త కుర్రాళ్లను ఎంచుకునే పద్ధతి, అమ్మ కోసం కాస్త విడమర్చి చెబుతాను. ఇది ఉద్యోగానికి అప్లికేషన్ పెట్టుకోవడం లాంటిది కాదు. అక్టోబరులో కంబైన్ అని పరీక్ష పెడతారు. 20 మీటర్ల పరుగు ఎన్ని సెకన్లలో తీశావు, నిలబడ్డచోటు నుంచి ఎంత ఎత్తు ఎగిరావు, 2 కిలోమీటర్లు ఎంతసేపట్లో పరిగెత్తావు, అన్నీ కొలుస్తారు. నవంబరులో క్లబ్బులు వరసగా పేర్లు పిలుస్తాయి. పట్టికలో అట్టడుగున ఉన్న క్లబ్బుకు ముందు వంతు. కుర్రాడికి ఎంచుకునే హక్కు లేదు. మెల్‌బోర్న్‌లో పుట్టి పెరిగినవాణ్ణి పెర్త్ పిలిస్తే పెర్త్ వెళ్లాలి, నాలుగు గంటల విమాన ప్రయాణం. బ్రిస్బేన్ పిలిస్తే బ్రిస్బేన్. 2028లో టాస్మానియా 19వ క్లబ్బుగా వస్తోంది కాబట్టి ఇకమీదట హోబార్ట్ కూడా ఆ లెక్కలో ఉంటుంది.

నీ వయసు పిల్లలందరికీ ఆ రాత్రే జీవితం తేలిపోతుందని ఒక భ్రమ. 2014 డ్రాఫ్టు గుర్తు చేస్తాను. మొదటి పేరు పాడీ మెకార్టిన్, సెయింట్ కిల్డా. రెండోది క్రిస్టియన్ పెట్రాకా, మూడోది ఆంగస్ బ్రేషా, ఇద్దరూ మెల్‌బోర్న్ క్లబ్బుకే. దేశంలో ఆ ఏడాది అందరికంటే మేలైన ముగ్గురు వీళ్లే అన్నారు. మెకార్టిన్‌కు తలకు ఒకదాని మీద ఒకటిగా దెబ్బలు. సెయింట్ కిల్డాలో ఆట ఆగిపోయింది. సిడ్నీకి వెళ్లి మళ్లీ నిలబడ్డాడు, 2022లో గ్రాండ్ ఫైనల్ కూడా ఆడాడు. 2023లో మరో దెబ్బ తగిలింది, అంతటితో ఆట అయిపోయింది. బ్రేషాకు 2023 ఫైనల్స్‌లో తలకు దెబ్బ తగిలింది. 2024 ఫిబ్రవరిలో, 28 ఏళ్లకే రిటైర్ అయ్యాడు. పెట్రాకా మొదటి సీజన్ మొత్తం మోకాలి సర్జరీకే పోయింది. 2021లో మెల్‌బోర్న్ 57 ఏళ్ల తర్వాత కప్పు గెలిచినప్పుడు మాత్రం గ్రాండ్ ఫైనల్లో అందరికంటే బాగా ఆడినవాడికిచ్చే నార్మ్ స్మిత్ మెడల్ అతనిదే. ఒకే రాత్రి, పక్కపక్క నంబర్లు, మూడు రకాల జీవితాలు. ఆ రాత్రి ఈ సంగతి ఎవరు చెప్పగలిగారు?

పేరు పిలవకపోయినా కుంగిపోవద్దు. 2000లో శామ్ మిచెల్‌ని ఏ క్లబ్బూ పిలవలేదు. ఎత్తు లేడు, వేగం లేదు అన్నారు. మరుసటి ఏడాది హాథార్న్ 36వ పేరుగా తీసుకుంది. నాలుగు కప్పులు గెలిచాడు, అందులో 2008ది కెప్టెన్‌గా. తర్వాత ఆ క్లబ్బుకే కోచ్ అయ్యాడు. మార్లియన్ పికెట్‌ని రిచ్‌మండ్ 2019లో సీజన్ మధ్యలో, 27 ఏళ్ల వయసులో తీసుకుంది. అతని మొట్టమొదటి ఏఎఫ్ఎల్ ఆట ఏకంగా ఆ ఏడాది గ్రాండ్ ఫైనల్. గెలిచి మెడల్ వేసుకుని బయటికొచ్చాడు.

పిలిచారే అనుకుందాం. అక్కడికెళ్లాక ఏముంటుందో విను. ఒక్కో క్లబ్బు లిస్టులో నలభై మందికి పైగా ఉంటారు, వారాంతంలో ఆడేది 23 మంది. మిగతావాళ్లు కింది లీగులో, సగం ఖాళీగా ఉన్న గ్రౌండులో ఆడాలి. ఇన్నాళ్లూ ఆడిన ప్రతి జట్టులో మొదటి పేరు నీదే. అక్కడ మొదటి ఏడాదంతా గురువారం సాయంత్రం జట్టు చదివినప్పుడు నీ పేరు లేకుండానే గడిచిపోవచ్చు. మా దగ్గర్నుంచి వెళ్లిన పిల్లలు దెబ్బతిన్నది ఇక్కడే. ఆట రాక కాదు, తీసి పక్కన పెట్టడం అలవాటు లేక. ఊరు కాని ఊళ్లో, వేరేవాళ్ల ఇంట్లో ఉంటూ, అమ్మ ఫోన్ చేస్తే "అంతా బాగుంది" అని అబద్ధం చెబుతూ గడిపారు. నువ్వలా చేయొద్దు. బాగా లేనిరోజు బాగా లేదనే చెప్పు. క్లబ్బులో సైకాలజిస్టు ఉంటారు, సిగ్గుపడకుండా వెళ్లు. వెళ్లేలోపు అత్తయ్య దగ్గర పప్పు, కోడికూర, నాలుగు రకాల కూరలు వండటం నేర్చుకో. ఇంటి తిండి వాసన తగిలితే ఆ ఊరు సగం మనదవుతుంది.

ఆట గురించి ఒక్కటే చెబుతాను, మిగతాది నీ కోచ్‌లు చూసుకుంటారు. పోయిన ఆదివారం నాలుగో క్వార్టర్లో నీ కిక్కులు మూడు దారి తప్పాయి. తప్పిన ప్రతిసారీ నీ పాదం వైపు చూసుకున్నావు. తప్పు పాదంలో లేదు, చేతిలో ఉంది. డ్రాప్ పంట్‌లో, అంటే బంతిని చేత్తో వదిలి నేల తాకకముందే తన్నే కిక్కులో, బంతిని కుడిచేత్తో కిందిదాకా తీసుకెళ్లి, దాదాపు నడుము ఎత్తులో వదలాలి. కొన నేలవైపు పెట్టి, ఊగకుండా, నిటారుగా పాదం మీదికి దిగాలి. అప్పుడే బంతి వెనక్కి గిరగిరా తిరుగుతూ నేరుగా వెళ్తుంది. నువ్వు అలిసిపోయేసరికి ఛాతీ దగ్గరే వదిలేస్తున్నావు. అంత ఎత్తు నుంచి పడుతుంటే బంతి గాలికి వాలిపోతుంది, ఇక పాదం ఏం చేయగలదు? మిడ్‌ఫీల్డర్ ఒక్క ఆటలో 12 నుంచి 15 కిలోమీటర్లు పరిగెత్తుతాడు. కాబట్టి తాజాగా ఉన్నప్పుడు వంద కిక్కులు కొట్టి లాభం లేదు. ట్రైనింగ్ అంతా అయ్యాక, ఊపిరి అందనప్పుడు, రెండు కాళ్లతో చెరో ముప్పై కొట్టు. నీ చెయ్యి ఎక్కడ వదులుతోందో ఎవరిచేతైనా ఫోన్లో వీడియో తీయించుకో.

ఇప్పుడు నేను రాయడానికి భయపడుతున్న సంగతి.

చాలా ఏళ్ల కిందట మా రిజర్వ్స్ జట్టులో ఒక హాఫ్‌బ్యాక్ కుర్రాడు ఉండేవాడు. పందొమ్మిదేళ్లు, ఎలక్ట్రీషియన్ అప్రెంటిస్. మూడో క్వార్టర్లో ఎదుటివాడి భుజం వీడి దవడకు తగిలింది. నేను పరిగెత్తేసరికి లేచి కూర్చున్నాడు, నవ్వుతున్నాడు. అడగాల్సినవి అడిగాను. ఇది ఏ గ్రౌండు? చెప్పాడు. ఎన్నో క్వార్టర్? చెప్పాడు. స్కోరెంత? పాయింట్లతో సహా టకటకా చెప్పాడు. సరేనని పంపించాను. మరో ఇరవై నిమిషాలు ఆడాడు, ఇంకోసారి కింద పడ్డాడు. ఇంటికెళ్లేటప్పుడు కారులో వాంతులు. ఆ తర్వాత నెలల తరబడి తలనొప్పి, వెలుగు చూడలేకపోవడం, రెండు పేజీలు చదివితే కళ్లు తిరగడం. నిచ్చెన ఎక్కలేక అప్రెంటిస్‌షిప్ వదిలేశాడు. స్కోరుబోర్డు నా వీపు వెనకాలే ఉందని ఆ రాత్రి నిద్రపట్టక పడుకున్నప్పుడు తట్టింది. వాడు నా భుజం మీదుగా చూసి చదివాడు. గ్రౌండు పేరు కూడా ఆ బోర్డు మీదే ఉంది. వాడు దాచాడు, నిజమే. కానీ పంపించింది నేను. ఆ తప్పు నాది. ఇప్పటికీ ఎవరి దగ్గరికి పరిగెత్తినా ముందు స్కోరుబోర్డు ఎటుందో చూసుకుని, వాడి వీపు అటువైపు తిప్పించి మాట్లాడతాను.

ఇప్పుడు రూళ్లు గట్టిపడ్డాయి. కంకషన్ అయితే, అంటే దెబ్బకు మెదడు అదిరితే, ఏఎఫ్ఎల్‌లో కనీసం 12 రోజుల వరకు ఆడనివ్వరు, మా లాంటి లోకల్ క్లబ్బుల్లో కనీసం 21 రోజులు. మాజీ ఏఎఫ్ఎల్ ఆటగాళ్లు డానీ ఫ్రాలీ 2019లో, షేన్ టక్ 2020లో పోయారు. పోయాక పరీక్షిస్తే ఇద్దరి మెదడులోనూ పదేపదే దెబ్బలు తగిలితే వచ్చే జబ్బు, సీటీఈ, బయటపడింది. అయినా ఏ రూలైనా ఆటగాడు నోరు విప్పినంతవరకే పనిచేస్తుంది. ఇందాక చెప్పిన పెట్రాకానే చూడు. 2024 జూన్‌లో, కింగ్స్ బర్త్‌డే ఆటలో పక్కటెముకలు విరిగాయి, ఊపిరితిత్తికి గాయమైంది, ప్లీహం చిట్లింది. అంత దెబ్బతో కూడా మళ్లీ గ్రౌండులోకి వచ్చాడు. ఆస్పత్రిలో ఎమర్జెన్సీ సర్జరీ దాకా వెళ్లింది. జనం దాన్ని గుండెధైర్యం అన్నారు. నాకైతే ఆ ఆట టీవీలో మళ్లీ చూడబుద్ధి కాలేదు.

నువ్వు చెబితే ఒక ఆట పోతుంది, స్థానం ఇంకొకడికి పోతుందని భయం. పోతుంది కూడా, కాదనను. ఆ ఇంకొకడు బాగా ఆడితే నెల పట్టొచ్చు తిరిగి రావడానికి. అయినా చెప్పు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. అక్టోబరు, నవంబరు నెలల్లో నీకు కంబైన్, వీసీఈ (పన్నెండో తరగతి) పరీక్షలు, డ్రాఫ్టు ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. పరీక్షలు వదిలేయడానికి వీల్లేదు. అందులో నేను మీ అమ్మ పక్షమే. డ్రాఫ్టు అయిన పిల్లలు చాలామంది యాభై ఆటలు కూడా పూర్తి చేయకుండానే బయటికొస్తున్నారు. ఇరవై మూడేళ్లకు చేతిలో ఏ చదువూ లేకపోతే ఏం చేస్తావు? క్లబ్బులో చేరాక కూడా యూనివర్సిటీలో ఏటా ఒకటి రెండు సబ్జెక్టులు చదువుతూ ఉండు. ప్లేయర్స్ అసోసియేషన్ వాళ్లు ఫీజుల్లో సాయం చేస్తారు. లీగులో సగటు జీతం ఏడాదికి నాలుగు లక్షల డాలర్లు దాటిందని పేపర్లో చదివి కార్లు చూడటం మొదలుపెట్టకు. కొత్తవాడికి వచ్చేది అందులో చిన్న భాగం. ఏజెంటు ఇంటికొస్తే ప్లేయర్స్ అసోసియేషన్ గుర్తింపు ఉందా అని మొదటే అడగండి. సంతకం అప్పుడే వద్దు. ఆ రోజు నేనూ వస్తాను.

బెట్టింగ్ జోలికి అసలు పోవద్దు. కాలింగ్‌వుడ్ కుర్రాడు జైడిన్ స్టీఫెన్సన్‌కు 2018లో లీగులో మేటి కుర్రాడికిచ్చే రైజింగ్ స్టార్ అవార్డు వచ్చింది. మరుసటి ఏడాది తన జట్టు ఆటల మీద పందెం కాసినందుకు 22 ఆటల సస్పెన్షన్ పడింది, అందులో 12 షరతు మీద ఆపారు. అతను కాసింది మొత్తం 36 డాలర్లు.

రంగు సంగతి మీ అమ్మ ఎత్తలేదు, కానీ ఆమె మనసులో ఉందని నాకు తెలుసు. 1993లో విక్టోరియా పార్కులో జనం తిడుతుంటే సెయింట్ కిల్డాలో ఆడే ఆదివాసీ ఆటగాడు నికీ విన్మార్ జెర్సీ పైకెత్తి తన నల్లని ఒంటిని వేలితో చూపించాడు. మరో ఆదివాసీ ఆటగాడు మైఖేల్ లాంగ్ పట్టుబట్టాకే 1995లో జాతి పేరుతో తిట్టడానికి వీల్లేదని లీగ్ రూలు తెచ్చింది. ఆ తర్వాత కూడా, సీజన్‌లో మేటి ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో మెడల్ రెండుసార్లు గెలిచిన ఆదివాసీ ఆటగాడు ఆడమ్ గుడ్స్‌ని 2015లో ఊరూరా గ్రౌండుల్లో గేలిచేసి సాగనంపారు. లీగూ క్లబ్బులూ 2019లో గానీ క్షమాపణ చెప్పలేదు. నిన్నెవరైనా ఏమైనా అంటే మింగేసి ఊరుకోకు. అక్కడికక్కడే అంపైర్‌కి చెప్పు, కెప్టెన్‌కి చెప్పు, ఆ రాత్రే తేదీ వేసి రాసిపెట్టుకో. ఈ ఆటలో మనవాళ్లు లేరన్నమాట కూడా నిజం కాదు. సాకర్ ఆడే శామ్ కెర్ అన్నయ్య డానియెల్ కెర్, 2006లో వెస్ట్ కోస్ట్ కప్పు గెలిచిన జట్టులో ఉన్నాడు. వాళ్ల నాన్న పుట్టింది కలకత్తాలో.

చివరిగా, ఆదివారం మూడో క్వార్టర్. గాల్లోకి ఎగిరి బంతిని (మార్క్) పట్టి కిందికి దిగేటప్పుడు నీ కుడి పాదం లోపలికి మడత పడింది. మీ ట్రైనర్ పరిగెత్తుకుంటూ వచ్చేలోపే బొటనవేలు పైకెత్తి చూపించావు. ఆ తర్వాత ఆట అయ్యేదాకా ఒక్కసారి కూడా కుడికాలి మీద ఎగరలేదు. అమ్మకు కనిపించలేదు, నాకు కనిపించింది. మంగళవారం ట్రైనింగ్‌కి వెళ్లగానే ఫిజియోతో నీ నోటితో నువ్వే చెప్పు. గురువారం మా ఇంటికి రా, రెండు కాళ్లూ చూస్తాను. టేపు చుట్టాలి కాబట్టి చీలమండ చుట్టూ వెంట్రుకలు గీసుకుని రా.

మీ మావయ్య