ప్రపంచంలో ఇన్ని అన్యాయాలు జరుగుతుంటే మీరు రోజూ మామూలుగా ఎలా ఉండగలుగుతున్నారు?

ప్రశ్న కింద మీరు ఇంకో రెండు మాటలు రాశారు. ఫోన్లో గాజా పిల్లల వీడియోలు చూశాక అన్నం సహించడం లేదని, పండక్కి బట్టలు కొనుక్కోవాలన్నా ఏదో తప్పు చేస్తున్నట్టు ఉందని. నేను మేడ్చల్‌లో చెప్పుల దుకాణం నడుపుతాను. గాజా గురించి నాకు టీవీలో చూపించినంతే తెలుసు. కానీ 2020లో బాధలు పడుతున్న జనం మా షట్టర్ ముందు నుంచే నడిచి వెళ్లారు. నాకు తెలిసింది అదే, అదే చెబుతాను.

మార్చి 24 రాత్రి లాక్‌డౌన్ ప్రకటించారు. మాది 44వ నంబర్ జాతీయ రహదారి పక్క ఊరు. హైదరాబాద్ నుంచి నాగపూర్ మీదుగా మధ్యప్రదేశ్, యూపీ, బిహార్ వెళ్లేవాళ్లందరికీ ఇదే దారి. ఒక్క నాగపూరే మా దగ్గర్నుంచి ఐదు వందల కిలోమీటర్లకు కాస్త తక్కువ. ఏప్రిల్ వచ్చేసరికి నెత్తిన సంచులు, చంకలో పిల్లలతో జనం. పగలు ఎండకు చెట్ల కింద పడుకుని, పొద్దు వాలాక నడిచేవాళ్లు.

సాయం చేసేవాళ్లు బాగానే వచ్చారు. పులిహోర పొట్లాలు, మజ్జిగ ప్యాకెట్లు, అరటిపళ్లు. అరటిపండు ఇచ్చేవాడు, తీసుకునేవాడు ఫొటో పడేదాకా చేతులు అలాగే పెట్టుకుని నిలబడాలి. ఆ ఫొటోల గురించి మొదలుపెడితే నాకు బీపీ పెరుగుతుంది, వదిలేద్దాం. మొదట్లో చెప్పుల సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. నేను ముందు మనిషి కాళ్లు చూస్తాను, తర్వాతే మొహం. వృత్తి అలాంటిది. పిన్నీసు గుచ్చిన పట్టీలు, ఒక్కో కాలికి ఒక్కో రకం చెప్పు. ఒకతను ఖాళీ నీళ్ల సీసాలు తొక్కి చదును చేసి, తాడుతో పాదాలకు కట్టుకున్నాడు.

నా దుకాణం మూతపడి ఉంది, చెప్పులు అత్యవసర సరుకు కాదని. మే 6న వైన్ షాపులు తెరిచారు, మా జిల్లా రెడ్ జోన్‌లో ఉన్నా సరే. వందల మైళ్లు నడిచేవాడికి చెప్పులు అత్యవసరం కాదు, ఇంట్లో కూర్చున్నవాడికి క్వార్టర్ సీసా అత్యవసరం. ఈ లెక్క ఎవరు వేశారో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. సరే, నేను సాయంత్రాలు సగం షట్టర్ ఎత్తి హవాయి చెప్పుల బస్తాలు బయటికి లాగేవాణ్ని. పోలీసులు ఒకసారి వచ్చారు, చూశారు, చూడనట్టు వెళ్లిపోయారు.

నడిచి వాచిన కాలికి ఒక నంబర్ పెద్దది ఇవ్వాలి. వేళ్ల మధ్య బొబ్బలుంటే కొత్త చెప్పు మరీ కరుస్తుంది. పట్టీకి కొబ్బరినూనె రాసి, పాత నూలుగుడ్డ చుట్టి ఇవ్వాలి. కాలేజీ పిల్లలు కొందరు నాకు సాయంగా ఉండేవాళ్లు, వాళ్లకు ఇవన్నీ నేర్పాను.

ఒక సాయంత్రం ఛత్తీస్‌గఢ్ జంట ఒకటి వచ్చింది. కొంపల్లి వైపు అపార్ట్‌మెంట్లు కట్టే దగ్గర పని చేశారట. ఆమెకు ఇరవై రెండేళ్లు ఉంటాయేమో, ఉత్త కాళ్లు, మడమలు పగిలి ఉన్నాయి. తెలుపు మీద నీలం పట్టీ ఉన్న జత ఇచ్చాను. తిప్పి చూసింది. "లాల్ వాలా నహీ హై క్యా?" అంది. ఎర్రవి కావాలట. మొగుడు ఆమె మీద గయ్యిమన్నాడు, సిగ్గులేదా అని. నా పక్కనున్న కుర్రాడు నవ్వి, "అంకుల్, ఇలాంటి టైంలో కూడా కలర్ కావాలంట చూడండి" అన్నాడు.

నాకు ఆ కుర్రాడి మీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. లోపలికి వెళ్లి నాలుగు పెట్టెలు దింపి, ఎర్ర పట్టీ ఆరో నంబర్ వెతికి తెచ్చాను. ఆమె మెట్టు మీద కూర్చుని తొడుక్కుంది. లేచి రెండడుగులు అటూ ఇటూ వేసి చూసుకుంది, మామూలు రోజుల్లో ఆడవాళ్లు ఎలా చూసుకుంటారో అలాగే. తర్వాత ధర అడిగింది. వద్దంటే వినదు. చివరికి పది రూపాయలు నా బల్ల మీద పెట్టి వెళ్లింది.

బాధల్లో ఉన్న మనిషి ఇచ్చింది తీసుకుని దండం పెట్టాలని, రంగు అడగకూడదని ఎవరు రాశారండీ? మీరు బట్టలు కొనడానికి జంకుతున్నారు. ఆమె జంకలేదు. మనం టీవీలో చూసి కరిగిపోయే ఆ జనానికి బాధపడటమే రోజంతా పని కాదు. వాళ్లూ రంగులు చూస్తారు, మొగుడితో పోట్లాడతారు, కూరలో ఉప్పు లేదంటారు. ఎక్కడైనా ఇంతే ఉంటుంది, గాజాలో అయినా. అక్కడికి నేను వెళ్లి చూడలేదు, అయినా రాసిస్తాను.

ఇక ఆ మొగుడు చెప్పిన సంగతి. కాంట్రాక్టర్ రెండు నెలల కూలి ఎగ్గొట్టాడు, ఫోన్ స్విచాఫ్. వేరే రాష్ట్రం నుంచి తెచ్చుకున్న కూలీలకు రానుపోను ఖర్చులు కాంట్రాక్టరే పెట్టాలని 1979లోనే చట్టం చేశారు. ఎవడు పెట్టాడు? వలస కూలీలను సొంతూళ్లకు చేర్చడానికి వేసిన శ్రామిక్ రైళ్లలో దేశంలోనే మొదటిది మే 1 తెల్లవారుజామున మన లింగంపల్లి నుంచే జార్ఖండ్‌లోని హటియాకు బయల్దేరింది. అది కూడా సంగారెడ్డి దగ్గర కందిలో కూలీలు రోడ్డు మీదికొచ్చి గొడవ చేసిన రెండు రోజులకు. గొడవ చేసినవాళ్లకు రైలు దొరికింది. ఆ సెప్టెంబరులో లోక్‌సభలో అడిగితే, కోటి మందికి పైగా సొంతూళ్లకు చేరారని లెక్క చెప్పిన కేంద్రమే, దారిలో ఎంతమంది చనిపోయారో లెక్క లేదంది.

అందుకే మీ అన్నం సహించకపోవడం మీద నాకు పెద్ద గౌరవం లేదు, ఏమీ అనుకోకండి. తినండి, బట్టలు కొనుక్కోండి. మీ ఇంట్లో పనిచేసే ఆమెకు లాక్‌డౌన్‌లో పనికి రాని ఆ రెండు నెలలు జీతం ఇచ్చారా లేదా అన్నది నాకు కావాలి. మా కాలనీలో గేటు దగ్గరే ఆపేసి, "మళ్లీ వచ్చినప్పుడు చూద్దాంలే" అన్నవాళ్లే ఎక్కువ. ఆ ఇళ్లవాళ్లే వాట్సాప్‌లో కొవ్వొత్తి బొమ్మలు పెట్టారు.

మా బామ్మర్ది సెంట్రింగ్ పనులు కాంట్రాక్టుకు పడతాడు. వాడి దగ్గరా ఒడిశా కూలీలు ఉండేవాళ్లు. లాక్‌డౌన్ అయ్యాక అడిగితే, "వాళ్లే చెప్పకుండా వెళ్లిపోయారు బావా, ఎవరికివ్వను?" అన్నాడు. ఫోన్ నంబర్లు ఉన్నాయి, ఫోన్‌పే ఉంది, మేస్త్రీ ఇంకా నీ దగ్గరే ఉన్నాడు కదరా అన్నాను. నాలుగు నెలలు వెంటపడితే సగం పంపాడు. మిగతా సగం గురించి ప్రతి పండక్కీ అడుగుతూనే ఉన్నాను. మొన్న దసరాకు అన్నం ముందు నుంచి లేచి వెళ్లిపోయాడు. ఇంకోసారి ఆ ఊసెత్తితే పుట్టింటివాళ్ల ముందు తన పరువు పోతుందని మా ఆవిడ గొడవ. సంక్రాంతికి మళ్లీ వస్తాడు, మళ్లీ అడుగుతాను.