ముందు టోపీలు, తర్వాతే స్వెటర్

నాలుగు అల్లికలు సగంలో ఉన్నాయి, పైగా ఆసుపత్రిలోని నెలలు నిండని పిల్లలకు పది టోపీలిస్తానని ఒప్పుకున్నాను, ఏదీ తెమలడం లేదన్నారు కదా. టెన్షన్ పడకండి, నాదీ ఒకప్పుడు ఇదే కథ.

సూదుల మీద రెండే ఉంచండి: ఒక టోపీ, ఆలోచించకుండా చేతులు అల్లుకుపోయే మఫ్లర్. మిగతా వాటి కుట్లను వేరే రంగు దారంలోకి ఎక్కించి, సూదులు ఖాళీ చేసేయండి. సూది సైజు, ఆపిన వరస నంబరు చీటీ మీద రాసి అదే సంచిలో పెట్టండి. నేనోసారి రాయలేదు. రెండు నెలల తర్వాత 4 మి.మీ. బదులు 4.5తో మొదలుపెట్టాను. స్వెటర్ వీపు మధ్యలో వదులుగా ఓ పట్టీ తేలింది, మొత్తం విప్పాల్సొచ్చింది!

టోపీలు అల్లేముందు ఏ ఊలు, ఏ సైజులు కావాలో ఆసుపత్రిని అడగండి. మెత్తగా, మెషీన్‌లో ఉతకడానికి వీలుగా ఉండాలి. నూగు రేగే మొహెయిర్ (మేక వెంట్రుకలతో చేసే ఊలు) వద్దు. బొత్తాలు, పూసలు అసలే వద్దు, ఊడితే పసివాళ్ల నోట్లోకి పోతాయి.

పది ఒకేసారి ఇవ్వాలనేముంది? మూడు అవగానే ఇచ్చేసి రండి.