నీడ బొగ్గులా కనిపిస్తోంది, ఏం చేయాలి?

ప్రశ్న: రెండేళ్లుగా తైలవర్ణ చిత్రాలు సాధన చేస్తున్నాను. చీకటి గదిలో ఒకే దీపం వెలుగులో కూర్చున్న మా నాన్నగారి బొమ్మ వేస్తే, వెలుగు పడిన చెంప బాగానే వచ్చింది గాని, నీడవైపు బొగ్గు పూసినట్టుంది. నలుపులో తెలుపు కలిపి సరిచేయబోతే మరింత చెడింది. ఆరాక అక్కడక్కడ నిగారింపు కూడా పోయింది. లోపం ఎక్కడుందంటారు?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ముందుగా ఆ తెలుపును అనుమానించాలి. టైటానియం వైట్ అనే తెల్లరంగు కాంతిని తనగుండా పోనివ్వదు కనుక, నీడలో కొద్దిగా కలిసినా సున్నం పట్టినట్టవుతుంది. వెలుతురు పలుచని రంగులోంచి లోపలికి వెళ్లి, కింది పూతను తాకి తిరిగి వచ్చినప్పుడే నీడకు లోతు వస్తుంది. డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ (1606–1669) చివరి దశలో వేసుకున్న స్వీయచిత్రాల్లో నుదుటి మీద రంగు ముద్దలు ముద్దలుగా నిలిచి ఉంటే, నీడలు పలుచగా ఉండటం ఇందుకే.

ఈసారి తెల్లని కాన్వాసు మీద మొదలుపెట్టకుండా, ముదురు గోధుమరంగు బర్న్ట్ అంబర్‌ను టర్పెంటైన్‌తో పలుచన చేసి అంతటా పూసి, తడి ఆరకముందే వెలుగు పడేచోట గుడ్డతో తుడవండి. ట్యూబులోని నలుపుకు బదులు బర్న్ట్ అంబర్, అల్ట్రామెరైన్ నీలం కలిపి వాడితే, పాళ్లు మార్చి నీడను వెచ్చగానో చల్లగానో చేసుకోవచ్చు.

నాన్నగారి అవతలి భుజానికి కూడా స్పష్టంగా అంచు గీసి ఉంటారని నా అనుమానం. దాదాపు అందరం చేసే పొరపాటే అది. రోములోని శాన్ లుయీజీ దేయ్ ఫ్రాంచేజీ చర్చి కోసం ఇటలీ చిత్రకారుడు కరవాజియో 1599–1600లో వేసిన ‘సెయింట్ మాథ్యూకు పిలుపు’ చిత్రంలో క్రీస్తు శరీరం చాలావరకు పీటరు వెనుక, చీకటిలో కలిసిపోయి, వెలుగు తాకిన ముఖభాగం, చాచిన చెయ్యి మాత్రమే మన కంటికి ఆనుతాయి. మీరూ ఆ భుజాన్ని చీకటికి వదిలేయండి. చొక్కా మీద పడి దవడ కిందికి ఎగసే వెలుగును మాత్రం అతిగా చూపకండి. కళ్లు చికిలించి చూసినప్పుడు అది నీడలో కలిసిపోవాలి.

ఇక నిగారింపు పోవడానికి కారణం, పై రంగులోని నూనెను కింది పూత పీల్చుకోవడం. కింది పూతల్లో నూనె తక్కువగా, పై పూతల్లో ఎక్కువగా ఉండేలా చూసుకోండి. ఇప్పుడున్న మచ్చలకు, బొమ్మ పూర్తిగా ఆరాక, లిన్‌సీడ్ (అవిసె) నూనె, టర్పెంటైన్ సమపాళ్లలో కలిపి అతి పలుచగా రాసి, కొద్ది నిమిషాలకే మెత్తని గుడ్డతో తుడిచేయండి. నూనె మిగిలిపోతే పసుపెక్కుతుంది. తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూలన పడేస్తే దానంతటదే వేడెక్కి అంటుకునే ప్రమాదముంది కనుక, ఆరుబయట పరచి ఆరనివ్వండి.