వారానికి ఒక్కరోజు ఫోను పక్కన పెడితే నిజంగా విశ్రాంతి దొరుకుతుందా?

దొరుకుతుంది, కానీ వెంటనే కాదు. మొదటి రెండు మూడు గంటలు చేయి ఊరికే జేబులోకి పోతూనే ఉంటుంది.

ముందుగా తెరిపిన పడేవి కళ్లు. తెర చూసేటప్పుడు రెప్పలు తక్కువగా ఆర్పుతాం కాబట్టి కళ్లు పొడిబారతాయి. పైగా దగ్గరి వస్తువునే చూస్తుంటే కంటిలోని కండరానికి విరామం ఉండదు. అందుకే 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరానికి 20 సెకన్లు చూపు మళ్లించమంటారు. కోనసీమవాళ్లకు అడుగుల లెక్క దేనికి, కాలువ గట్టు ఎక్కితే కనుచూపు మేరా వరిచేలే. ఇక రాత్రిపూట తెర వెలుగు నిద్రకు తోడ్పడే మెలటోనిన్‌ను తగ్గిస్తుంది. రోజంతా కుదరకపోతే కనీసం పడుకునే ముందు గంటసేపైనా మానండి.

నేనైతే ఆదివారం ఫోను ఇంట్లో వదిలి, సఖినేటిపల్లి రేవులో పంటు (మనుషుల్నీ బళ్లనూ ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కి గోదావరి పాయ వశిష్ఠ దాటి నరసాపురం వెళ్లి వస్తాను. మోటారు సైకిళ్ల మధ్య కమ్మీ పట్టుకుని నిలబడితే గుర్రపుడెక్క ముద్దలు నీటి మీద మెల్లగా కొట్టుకుపోతుంటాయి. చూడటం తప్ప వేరే పని ఉండదు. జేబులో చిల్లర మాత్రం ఉంచుకోండి. డబ్బంతా ఫోనులోనే ఉందని నాకు ఒకసారి రేవులో గుర్తొచ్చింది. టిక్కెట్టు పక్కాయన కొన్నాడు!

వరదల రోజుల్లో మాత్రం ఈ నియమం వద్దు. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక వచ్చిందంటే ఫోను చేతిలోనే ఉండాలి, లంక గ్రామాలవాళ్లకైతే మరీను.